అనంతపుర మెట్టసీమలో వికలాంగసేవ : భాషాదృష్టితో ఒక పరిశీలనము

వికలాంగులకు చేయదగిన సేవను గూర్చి ప్రసంగించునప్పుడు వైద్యము, ధనము, చట్టము అను మూటినే సాధారణముగా పేర్కొందురు. ఈ మూడును ఆవశ్యకములే. కాని ఇవి మనుష్యుని చేరవలెనన్న భాష అను ద్వారమును దాటి రావలెను. ఆ ద్వారము మూసియున్నచోట వైద్యుడున్నను, పింఛనున్నను, చట్టమున్నను సేవ గడపకు వెలుపలనే నిలిచిపోవును. ఈ సంగతిని అనంతపురము జిల్లా మెట్టసీమను, అందును సుగాళీల తండాలను దృష్టియందుంచుకొని ఈ వ్యాసమున విచారింపదలచితిమి. తెలుగుశాఖలవారికి దీనితో పనియేమి యని కొందరు శంకింపవచ్చును. ఆ శంకకు సమాధానమును చెప్పుటయే ఈ వ్యాసమునకు ప్రధానప్రయోజనము.

అనంతపురమునుండి గుత్తికి పోవు రహదారిపై గార్లదిన్నె యను మండలకేంద్రము కలదు. దిన్నె యనగా మెరకనేల. పేరునకు తగినట్లే అది మెట్టపొలముల సీమ. మండలమునందలి పెనకచెర్లకడ పెన్నానదిపై మధ్య పెన్నారు జలాశయమున్నను, కాలువ పారని ఊళ్లకు ఆకాశమే ఆధారము. జిల్లాలో సగటు వర్షపాతము ఏటికి సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ కొద్దియు అదనుకు కురియునన్న నమ్మకము లేదు. వేరుసెనగ పోయిన యేట కాయకష్టము చేయగలవారు బెంగుళూరు మొదలగు నగరములకు వలసపోవుదురు. ఊరిలో మిగులువారు వృద్ధులు, పసివారు, నడువలేనివారు. జిల్లాలో పెక్కుచోట్ల భూగర్భజలములందు ఫ్లోరైడు అధికమగుటచే ఎముకలు, కీళ్లు బిగిసికొనిపోవు వ్యాధియు ఇచ్చట క్రొత్తది కాదు.

గార్లదిన్నెకు రైలు కలదు, జాతీయరహదారి కలదు. కనుక ఈ ప్రాంతమును మారుమూల యనుట తగదని తోచును. కాని రహదారినుండి విడివడి తండాలవైపు పోయిన కొలదిని దూరమునకు వేరర్థము కలుగును. వైకల్యనిర్ణయమునకై ప్రభుత్వాస్పత్రిలో జరుగు సదరం శిబిరమునకు నడువలేని బిడ్డను తీసికొనిపోవలెనన్న తల్లికి ఒకనాటి కూలి పోవును. తోడు వచ్చువారి కూలియు పోవును. అచ్చట అడిగినది అర్థము కాక, చెప్పదలచినది చెప్పలేక మరలివచ్చినచో ఆ రెండు కూలులును వృథయగును. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలైనుండి వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలుగా హెచ్చింపబడినది. వానలేని సీమలో ఇది ఒక కుటుంబమును నిలబెట్టగల మొత్తము. అది లభించుటకు వైకల్యము నూటికి 40 పాళ్లకు తక్కువ కాదని వైద్యులు ధ్రువపఱుపవలెను. ఆ ధ్రువపత్రమునకు తొలిమెట్టు వైద్యుని ప్రశ్నయు, తల్లి జవాబును.

ఆ తల్లి ఏ భాషలో జవాబు చెప్పును? సుగాళీలు, లంబాడీలు, బంజారాలు అను పేళ్లతో వ్యవహరింపబడు జనము మన రాష్ట్రపు షెడ్యూల్డు తెగలలో చేరినవారు. వారి ఇంటిభాష ఇండో-ఆర్యకుటుంబమునకు చెంది రాజస్థానీకి సన్నిహితమైనది. దానికి స్వంతలిపి లేదు. మన ప్రాంతమున తెలుగులిపిలో వ్రాయుదురు. వారు ఈ సీమకు నిన్న మొన్న వచ్చినవారు కారు. వారు ఆరాధించు సేవాలాల్ మహారాజు గుత్తిసమీపమునందలి సేవాగఢ్‌లో 1739లో జన్మించెనని సంప్రదాయము. తండాలలోని పురుషులు సంతలోను, పొలములోను తెలుగు చక్కగా మాటలాడుదురు. కాని నొప్పిని, భయమును, బిడ్డ యెదుగుదలను గూర్చి చెప్పుటకు ఇంటిభాషయే వలయును. ఆ సంగతులు తెలిసినవారు తల్లులు, అవ్వలు. వారిలో తెలుగు పరిచయము పురుషులకంటె తక్కువ.

రాయలసీమలోని ఎరుకలవారి భాష తమిళమునకు దగ్గరిదైన ద్రావిడభాష. నల్లమలలోని చెంచులది తెలుగుమాండలికమే. ఒకరిది తెలుగు, మరియొకరిది తెలుగునకు సోదరభాష, ఇంకొకరిది వేరు కుటుంబపు భాష. ముగ్గురిని 'గిరిజనులు' అను ఒక్క శీర్షికక్రింద చేర్చినంతమాత్రమున ముగ్గురికి ఒక్కటే పద్ధతి చెల్లదు. సంస్కృతికి తగిన సేవ యనునది ఇట్టి భేదములను గుర్తించుటతో ఆరంభమగును.

పదముల సంగతి

మొదట పేరును పరిశీలింతము. వికలాంగశబ్దము బహువ్రీహి, వికలమైన అంగము కలవాడని విగ్రహము. శబ్దము సుందరమే, కాని అర్థవ్యాప్తి చాలదు. 1995నాటి చట్టము ఏడు విధములైన వైకల్యములను గుర్తించినది. అందు కుష్ఠువ్యాధినుండి కోలుకొన్నవారు, మానసికవ్యాధిగ్రస్తులు కూడ చేరిరి. 2016నాటి వికలాంగుల హక్కుల చట్టము ఆ సంఖ్యను 21కి పెంచినది. అందు తలసీమియా, హిమోఫీలియా, సికిల్ సెల్ అను రక్తవ్యాధులును, ఆటిజమును, అభ్యసనవైకల్యమును చేరినవి. వీనిలో 'వికలమైన అంగము' కంటికి కనబడదు. గ్రామమున 'వికలాంగుడు' అన్నంతనే స్ఫురించునది కఱ్ఱ ఊతముతో నడచువాని రూపము. కనుక చదువు ఆలస్యముగా అబ్బు బిడ్డయొక్క తండ్రి, ఆ పదము విన్నప్పుడు అది తన బిడ్డకు వర్తించునని తలపడు. చట్టము విశాలమైనది, దానిని మోయవలసిన పదము ఇరుకైనది.

తరువాతి పేళ్లును ఈ చిక్కును తీర్చలేదు. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి సూచించిన 'దివ్యాంగ' శబ్దము వ్యాప్తిలోనికి వచ్చినది. మన రాష్ట్రమున సంక్షేమశాఖ 'విభిన్న ప్రతిభావంతులు' అను పేరును గ్రహించినది. ఈ రెండింటను గౌరవము చూపవలెనను సదుద్దేశమున్నది. కాని స్తుతి వేరు, సూచన వేరు. మాట రాని బిడ్డ గల తల్లి 'మీ యింట విభిన్న ప్రతిభావంతులు కలరా' యను ప్రశ్నను విన్నచో ఆమెకు తన బిడ్డ స్మరణకు రాడు; బడిలో బహుమతి పొందిన పొరుగింటి పిల్ల స్మరణకు వచ్చును.

ఇక జనవ్యవహారమున నున్న పదములు. సంస్కృతమున పాణిని, అంగవికారమును చెప్పునప్పుడు ఆ వికారమునకు ఆస్పదమైన అవయవమును తృతీయావిభక్తితో వేఱుగా నిర్దేశించు పద్ధతిని సూత్రించెను. వికారము ఏ యవయవముచేత తెలియుచున్నదో అది వాక్యమున విడిగా నిలుచును. తెలుగున 'కుంటివాడు', 'గుడ్డివాడు', 'మూగది' అనునప్పుడు అవయవము అంతర్ధానమై లోపము మనుష్యుని కంతకును పేరగును. 'గుడ్డెద్దు చేలో పడ్డట్లు', 'చెవిటివాని ముందు శంఖమూదినట్లు' అను సామెతలు ఆ లోపమును తెలివిలేమికి ఉపమానము చేసినవి. పల్లెలో పేరునకు ముందు ఈ విశేషణమును చేర్చి పిలుచుట ద్వేషముతో కాకపోవచ్చును. ఒకే పేరు గల యిద్దరిని వేఱుపఱుచుటకే కావచ్చును. అయినను ఆ పిలుపుతో పెరిగిన బిడ్డ దానిని మరువడు. ఇంటికి వచ్చిన అధికారియు అదే మాటతో పలుకరించినచో ఆ యింటివారు బిడ్డను లోపలికి పంపుదురు.

ప్రశ్నల సంగతి

భారతదేశమున జనాభాలెక్కలలో 1872నుండి 1931వరకు అంగవైకల్యములను లెక్కించిరి. పిమ్మట ఆ లెక్క ఆగిపోయి 1981లో మరల చేయబడి, 1991లో విడువబడి, 2001లోను 2011లోను తిరిగి చేయబడినది. 2011 లెక్కలప్రకారము దేశమున వికలాంగులు 2.68 కోట్లమంది, అనగా జనాభాలో నూటికి 2.21. అదే సంవత్సరమున ప్రపంచారోగ్యసంస్థ వెలువరించిన నివేదికలో ప్రపంచజనాభాలో నూటికి 15 మందికి ఏదో యొక వైకల్యమున్నదని అంచనా వేయబడెను. ఈ రెండంకెల నడుమ ఇంతటి అంతరమునకు కారణములు పెక్కు. నిర్వచనములు వేఱు, లెక్కించిన వయస్సులు వేఱు. ప్రశ్న అడిగిన తీరు అందొక ముఖ్యకారణము.

ఈ లోపమును సవరించుటకై 2001లో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యవమున ఏర్పడిన వాషింగ్టన్ గ్రూపు ఆరు ప్రశ్నల పట్టికను కూర్చినది. అందు వైకల్యమన్న మాటయే లేదు. చూచుట, వినుట, నడచుట, జ్ఞాపకముంచుకొనుట, తన పనులు తాను చేసికొనుట, ఇతరులతో సంభాషించుట - ఈ ఆరింటిలో కష్టమున్నదా యని అడుగుదురు. జవాబులు నాలుగు: కష్టము లేదు, కొంత కష్టము, చాల కష్టము, అసలు చేయలేరు. ఇట్లు అడుగుటవలన సిగ్గు తొలగును. పేరుకు బదులుగా పని ముందునకు వచ్చును.

భాషాశాస్త్రవిద్యార్థులు ఇచ్చట ఒక విశేషమును గమనింపవలెను. నూతనమని చెప్పబడు ఈ పద్ధతి అనంతపురపు పల్లెజనుల నుడికారమున ముందునుండియే యున్నది. ఈ సీమవారు ఎదుటివానికి పేరు పెట్టునప్పుడు 'కుంటోడు' అన్నను, తమ యింటి బిడ్డను గూర్చి చెప్పునప్పుడు 'వానికి నడిచేకి కాదు', 'పాపకు మాట రాదు', 'అవ్వకు కండ్లు సరిగా కనపడవు' అందురు. ఇచ్చట 'నడిచేకి' అనునది 'నడచుటకు' అను తుమర్థకమునకు ఈ ప్రాంతపు రూపము. 'కాదు' అశక్తిని తెలుపును. ఈ వాక్యములలో మనుష్యునకు ముద్ర లేదు. ఒక పనియందలి అశక్తి మాత్రమే చెప్పబడినది. కనుక గ్రామమునకు పోవు కార్యకర్త గ్రాంథికమైన ప్రశ్నాపత్రమును చదువుటకు బదులుగా 'మీ యింట్లో ఎవురికన్నా నడిచేకి కష్టమైతాదా?' యని అడిగినచో జవాబు సులభముగా వచ్చును. నాలుగు మెట్లును సిద్ధముగనే యున్నవి: 'కష్టం లేదు', 'కొంచెం కష్టం', 'శానా కష్టం', 'అసలు కాదు'.

తండాలలో ఇదియు చాలదు. ప్రశ్న సుగాళిభాషలో ఉండవలెను. తెలుగునుండి మాటకు మాటగా మార్చిన ప్రశ్న పనికిరాదు. తండావారే వాక్యమును కూర్చగా, దానిని వేఱొకరు మరల తెలుగులోనికి మార్చి అర్థము నిలిచినదో లేదో చూడవలెను. తెలుగులిపిలో సుగాళిని వ్రాయుట కష్టము కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతమున బహుభాషావిద్యాపథకము క్రింద బంజారాతో కూడ ఎనిమిది గిరిజనభాషలలో వాచకములను తెలుగులిపిలో సిద్ధము చేసిరి. ఆ యనుభవము వైద్యశిబిరమునకును ఉపకరించును.

సేవాపద్ధతుల సంగతి

వికలాంగులను దూరనగరములందలి ఆశ్రమములకు చేర్చుటయే సేవ యని ఒకప్పుడు తలచిరి. 1978లో ఆల్మా ఆటా సభ ప్రాథమికారోగ్యసేవ ప్రజల చెంతకు రావలెనని ప్రకటించినపిమ్మట, ప్రపంచారోగ్యసంస్థ సముదాయాధారిత పునరావాసమను పద్ధతిని ప్రచారము చేసినది. 1989లో ఇందుకై ఒక శిక్షణగ్రంథమును, 2010లో మార్గదర్శకములను ప్రకటించినది. కుటుంబసభ్యులకును, ఊరివారిలో ఒకరికిని సులభమైన వ్యాయామములను, మెలకువలను నేర్పి సేవను ఇంటియందే జరిపించుట దీని సారము. భారతదేశము 2007లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికయు పునరావాససేవలు గ్రామములతో సహా వారి వారి సముదాయములకు వీలైనంత చేరువగా ఉండవలెనని చెప్పుచున్నది.

అనంతపురము జిల్లాలో ఈ మార్గమునకు పూర్వరంగము కలదు. విన్సెంట్ ఫెర్రర్ 1969లో స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ వికలాంగులను గ్రామస్థాయిలో సంఘములుగా కూర్చినది, పాఠశాలలను నడపినది, ఉపకరణముల నందించినది. ఉమ్మడి రాష్ట్రమున వెలుగు పథకమువారును వికలాంగుల సంఘములను, మండలసమాఖ్యలను ఏర్పఱచిరి. పాఠశాలావిద్యాశాఖలో ప్రత్యేకావసరములు గల పిల్లలకై భవిత కేంద్రములు ఏర్పడినవి. వీనియందు గమనింపదగినది 'సంఘము' అను రూపము. పొదుపుసంఘము, పాలసంఘము ఎఱిగిన పల్లెకు వికలాంగుల సంఘము వింతగా తోపలేదు. ఒంటరిగా అడుగలేనివాడు పదిమందితో కూర్చుండి అడిగెను. తెలిసిన రూపములో క్రొత్త విషయమును చెప్పుటయే సంస్కృతికి తగిన సేవకు మూలసూత్రము.

ఈ సూత్రమునకు మన దేశమున ప్రసిద్ధమైన ఉదాహరణము జైపూరు పాదము. 1968లో జైపూరునందు రామచంద్రశర్మ అను శిల్పియు, పి. కె. సేథీ అను శస్త్రవైద్యుడును దీనిని రూపొందించిరి. పాశ్చాత్యుల కృత్రిమపాదము బూటు తొడిగికొని కుర్చీలో కూర్చుండువానికి తగినది. మనవాడు వట్టికాళ్లతో చేనిలో నడువవలెను, గొంతుకూర్చుండవలెను, భోజనమునకు మఠము వేసికొనవలెను. అట్లు వంగగల పాదమును రబ్బరుతో చేసిరి. అవయవము మనుష్యుని జీవనమునకు ఒదిగినది గాని మనుష్యుడు అవయవమునకు ఒదుగవలసినపని లేకపోయెను. సేవయందు వాడు భాషయు ఇట్లే ఒదుగవలెననుట మా యభిప్రాయము.

సంస్కృతిని గౌరవించుట యనగా ఉన్న ప్రతి నమ్మకమును అట్లే నిలుపుట కాదు. వైకల్యము పూర్వజన్మకర్మఫలమని బిడ్డను చీకటిగదిలో ఉంచుట ఏ సంస్కృతిపేరనైనను సమ్మతింపరానిది. అయినను మార్పు తెచ్చు విధానమున వివేకము వలయును. దేవతకు మ్రొక్కు చెల్లింపబోవు తల్లిని పరిహసించు కార్యకర్తకు ఆ యింటి తలుపు మరల తెరచుకొనదు. మ్రొక్కు తీర్చుకొనివచ్చిన పిమ్మట బిడ్డ కాలికి చేయవలసిన వ్యాయామమును ఆ తల్లికే నేర్పవచ్చును. తండా పెద్దయగు నాయకుని, కాన్పులు చూచిన అవ్వను ముందుగా సంప్రదించినచో ఆ మాట తండావారి మాటగా చెల్లును.

సంజ్ఞలు, లిపి

చెవిటితనము గల సుగాళిబిడ్డ పరిస్థితిని తలంపుడు. తల్లిమాట సుగాళి; బడిమాట తెలుగు; ప్రత్యేకపాఠశాలలో భారతీయ సంజ్ఞాభాష. 2015లో ఢిల్లీలో స్థాపింపబడిన భారతీయ సంజ్ఞాభాషా పరిశోధనశిక్షణకేంద్రము 2018లో 3,000 పదములతో తొలినిఘంటువును, 2021 నాటికి 10,000 పదములతో మూడవకూర్పును వెలువరించినది. ఇది శ్లాఘనీయమైన కృషి. కాని ఆ బిడ్డ పాఠశాలకు పోకమునుపే తల్లియు, తోబుట్టువులును కొన్ని సంజ్ఞలను కల్పించుకొని యుందురు. నీళ్లు, ఆకలి, మేక, కోపము - ఇవి ఇంటి సంజ్ఞలు. వానిని తుడిచివేసి క్రొత్తవి నేర్పుటకంటె, వానిని తెలిసికొని వానిమీదుగా క్రొత్తవానిని నేర్పుట మేలు. లేకున్న బిడ్డ సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు తల్లితో మాటలాడ భాష ఉండదు.

అంధులవిషయమున మనకొక సౌకర్యము కలదు. 1951లో అంగీకరింపబడిన భారతీ బ్రెయిలి, భారతీయలిపుల అక్షరములను ధ్వనిసామ్యమునుబట్టి ఒకే చుక్కల పద్ధతిలో అమర్చినది. తెలుగులిపిలో వ్రాయబడు సుగాళిపాటలను, కథలను తెలుగు బ్రెయిలిలోనికి ఎక్కించుటకు అడ్డులేదు. చూపులేని సుగాళిబాలిక తన యింటిభాషను వ్రేళ్లతో చదువుకొనగలదు, పూనుకొనువారే కావలెను.

మన శాఖలు చేయదగిన పని

పదములను సముదాయముతో కలసి కల్పించుటకు న్యూజిలాండు మాకు మంచి యుదాహరణముగా కనబడుచున్నది. అచ్చటి ఆదివాసులగు మావోరీల భాషలో మానసికారోగ్యమునకు, వైకల్యమునకు సంబంధించిన పదకోశము 'తె రెయో హాపయి' అను పేర 2017లో వెలువడినది. కేరి ఓపాయి అను భాషావేత్త దానిని వికలాంగులతోను, వారి కుటుంబములతోను సంప్రదించి కూర్చెను. ఆటిజమునకు కల్పించిన 'తకివాతంగ' అను పదమునకు 'తనదైన కాలము, తనదైన చోటు' అని భావము. అది లోపమును చెప్పదు, స్తుతియు చేయదు. బిడ్డ తీరును చెప్పును. 2022లో అచ్చటి ప్రభుత్వము వికలాంగులకై ఏర్పఱచిన మంత్రిత్వశాఖకు 'ఫైకాహ' అను మావోరీపదమునే పేరుగా గ్రహించినది.

మనకును ఇట్టి కృషికి పూర్వులు వేసిన బాట కలదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశపు ప్రథమసంపుటము వ్యవసాయపదములను జిల్లావారీగా సేకరించినది. నాగలి భాగములకు ఊరూరను ఉన్న పేళ్లను ఎంత శ్రద్ధతో సేకరించిరో, అంతటి శ్రద్ధతో మనుష్యశరీరమునకు, దాని బాధలకు, అశక్తులకు గల పేళ్లను సేకరింపవలెను. ఏ పదము నిందను తెలుపును, ఏది తెలుపదు. ఏది ఎదుట అనదగినది, ఏది చాటున అనునది. ఏది స్త్రీలు మాత్రమే వాడునది - ఇవియన్నియు నమోదు కావలెను. ఇందుతోపాటు ప్రభుత్వపు ప్రకటనలను, ధ్రువపత్రములను, పింఛను పత్రములను సుబోధమైన తెలుగులోనికి మార్చి చూపుట మరియొక పని. తండాలనుండి వచ్చి మన తరగతులలో చదువుచున్న విద్యార్థులు ఈ పరిశోధనకు సహజముగా అధికారులు. వారిని విషయసూచకులుగా గాక పరిశోధకులుగా నిలుపవలెను. శిబిరములలో దుబాసులుగా పనిచేయువారికి తగిన వేతనమును ఇప్పించుటకు విశ్వవిద్యాలయములు సిఫారసు చేయవచ్చును.

ఒక హెచ్చరిక. ఒకరి యింటి బాధ మన పట్టికకు సామగ్రి మాత్రము కారాదు. సేకరించిన పదము ఎవరిదో పేరుతో ప్రకటింపరాదు. పదనిర్ణయమున తుదిమాట వికలాంగులదే కావలెను. వారు కూడదన్న పదము ఎంత వ్యాకరణసమ్మతమైనను విడువదగినది.

ఈ పని యొక్క జిల్లాలో ఆరంభమైనను చాలును. గార్లదిన్నె వంటి ఒక మండలమును గ్రహించి, అందలి పల్లెలలోను తండాలలోను ఆరు ప్రశ్నలను స్థానికమైన తెలుగున, సుగాళిలో సిద్ధము చేసి, భవిత కేంద్రములవారికి, ఆస్పత్రులవారికి అందించినచో ఒక సంవత్సరములోనే ఫలము తెలియగలదు. ఇంతవరకు 'మా యింట ఎవరును లేరు' అని చెప్పిన తల్లి 'మా వానికి నడిచేకి కాదు' అని చెప్పినచో ఆ బిడ్డకు వైద్యమును, బడియు, పింఛనును అందుటకు మార్గమేర్పడును. తెలుగుశాఖలకు దీనితో పనియేమి యన్న శంకకు మా సమాధాన మిదియే. విజ్ఞులు పరిశీలించి, పరిశోధకవిద్యార్థులు ఈ దిశగా పూనుకొందురుగాక యని కోరుచున్నాము.